ఎండిన వాగుకీ లెక్కుంది

“ఈ గెడ్డలో ఏముంది? నాలుగు నెలలు పారుతుంది, తర్వాత ఎండుతుంది. పోతే మీకొచ్చే నష్టమేంటి?”

గనికో, డ్యాముకో సర్వే మొదలైన చోటల్లా ఈ ప్రశ్న వినబడుతుంది. మన పెద్దోళ్ల దగ్గర జవాబుంది. కానీ అది ఫైల్లోకి ఎక్కదు. అదే జవాబును ఒక శాస్త్రవేత్త యాభై ఏళ్ల లెక్కలతో చెప్పాడు. మనవాళ్లందరూ తెలుసుకోవాల్సిన పని అది.

అమెరికాలో అలాస్కా నైరుతి వైపు బ్రిస్టల్ బే ఉంది. యూపిక్, డెనైనా, అలూటిక్ ఆదివాసుల నేల. ప్రపంచంలోని సాకై సాల్మన్ చేపల్లో దాదాపు సగం అక్కడివే. ఈ చేప మంచినీళ్లలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన చోటుకే ఏరు ఎదురెక్కి వస్తుంది. అందుకే ఒక్కో వాగు చేపలు ఒక్కో వంశంలా వేరుపడ్డాయి.

వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేనియల్ షిండ్లర్ బృందం 2010లో ‘నేచర్’ పత్రికలో చెప్పింది ఇదీ: అక్కడ ఇలాంటి వంశాలు కొన్ని వందలున్నాయి. అన్నీ ఒకటే అయ్యుంటే, ఏటా తిరిగొచ్చే చేపల్లో హెచ్చుతగ్గులు ఇప్పటికి 2.2 రెట్లు ఉండేవి. వేట ఆపాల్సిన పరిస్థితి పది రెట్లు ఎక్కువసార్లు వచ్చేది.

ఎందుకంటే ఊటనీటి వాగు చల్లగా ఉంటుంది, వాననీటి వాగు తొందరగా వేడెక్కుతుంది. ఒకే ఎండాకాలం ఒకదానికి చేటు, ఇంకోదానికి మేలు. ఒక వాగు చెయ్యిచ్చిన ఏడాది మరో వాగు ఆదుకుంటుంది. మన పోడులో సామ, కొర్ర, కంది కలిపి ఎందుకు చల్లుతాం? వాన ఎగ్గొట్టినా ఏదో ఒకటి ఇంటికి చేరుతుందనే కదా!

2019లో షాన్ బ్రెన్నన్, షిండ్లర్, మరికొందరు కలిసి ‘సైన్స్’ పత్రికలో ఇంకో సంగతి బయటపెట్టారు. చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది. అది పొరలు పొరలుగా పెరుగుతుంది. చేప ఏ నీళ్లలో బతికిందో ఆ గుర్తు పొరల్లో మిగిలిపోతుంది. నుషగాక్ నది చేపల రాళ్లు చదివితే తేలిందేంటంటే, ఒక ఏడాది బాగా చేపలిచ్చిన వాగులు మరో ఏడాది ఇవ్వడం లేదు. చోటు మారుతూ ఉంటుంది. మరి ఒక్క సీజన్‌లో వల వేసి “ఇక్కడ చేపల్లేవు” అని రాసే రిపోర్టుకు విలువెంత? ఎండలు ముదురుతున్న ఈ కాలంలో, రేపు ఏ వాగు ఆదుకుంటుందో ఈరోజే ఎవరు చెప్పగలరు?

ఆ నుషగాక్ తలాపునే పెబుల్ అనే రాగి, బంగారు గని తవ్వాలనుకున్నారు. ఆపమని 2010లో ఆరు ఆదివాసీ తెగలు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏను కోరాయి. పదమూడేళ్లు పట్టింది. 2023 జనవరిలో ఈపీఏ ఆ గనికి అడ్డుకట్ట వేసింది. సాల్మన్ లాంటి వలస చేపలు తిరిగే 8.5 మైళ్ల వాగులు పోతాయని మాత్రమే లెక్కేసి ఊరుకోలేదు. వాటికి ఆసరాగా ఉండే మరో 91 మైళ్ల వాగుల్నీ లెక్కలోకి తీసుకుంది. కంపెనీ కోర్టుకెళ్లింది, పోరాటం ఇంకా అయిపోలేదు.

మన గెడ్డల్లో పరిగెలు సముద్రం నుంచి రావు. అక్కడి అంకెలు ఇక్కడ అతికించమని నేను అనను. కానీ వాగుల్ని విడివిడిగా కాకుండా కలిపి చూడాలన్న మాట ఇక్కడా చెల్లుతుంది. చట్టం కూడా మన చేతిలో ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006 సెక్షన్ 3(1)(డి) చేపల మీద, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఇచ్చింది. ఫారం-బిలో దానికి గడి ఉంది. ఆ గడిని మనోళ్లు ఖాళీగా వదిలేయకూడదు.

వచ్చే గ్రామసభకు ముందు పెద్దోళ్లను వెంటబెట్టుకుని వాగుల వెంట నడుద్దాం. ప్రతి వాగు పేరు, ఊట ఉన్న చోటు, ఏ నెలలో ఏ చేప దొరుకుతుందో రాసుకుందాం. ఎండిపోయినవీ రాద్దాం. సర్వే వాళ్లు వచ్చి “ఇందులో ఏముంది?” అని అడిగే రోజుకి, గ్రామసభ తీర్మానంతో సహా ఆ కాగితం మన చేతిలో ఉండాలి.

జోహార్.