లెక్క తేలింది, కాపలా ఏదీ?

అమెరికా ప్రభుత్వ అడవుల్లో ముదురు చెట్లు ఎన్ని మిగిలాయో లెక్క తేల్చమని 2022 ధరిత్రీ దినోత్సవం నాడు అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఆదేశించారు. ఏడాదికల్లా తేలింది: పురాతన అడవి సుమారు 3.2 కోట్ల ఎకరాలు, ఆ దశకు చేరుకోబోతున్న ముదురు అడవి మరో 8 కోట్లు. రక్షణ ముసాయిదా మాత్రం పురాతన అడవి దగ్గరే ఆగింది. 2025 జనవరిలో అటవీ శాఖ దాన్నీ వెనక్కి తీసుకుంది. మార్చిలో ట్రంప్ కలప ఉత్పత్తి పెంచమన్నారు. కార్చిచ్చు తగ్గుతుందన్నది ఒక సాకు. నిజానికి మందపాటి బెరడున్న పెద్ద పాండెరోసా పైన్‌లే మంటను బాగా తట్టుకుంటాయి. తీసేయాల్సింది వాటి కింద కిక్కిరిసిన సన్నచెట్లనీ పొదల్నీ. కానీ మిల్లుకు గిట్టుబాటయ్యేది లావు మానే కదా! అధ్యక్షుడు మారినప్పుడల్లా ఆదేశాలూ మారుతున్నాయి కనుక, ముదురు చెట్ల నరికివేతను ఆపే చట్టం కాంగ్రెసే చేయాలి.