బియ్యం ఉచితం, బస్సు ఉచితం - దూరం మాటేమిటి?

పేదలకు బియ్యానికి, మహిళలకు బస్సు ప్రయాణానికి నేడు డబ్బు కట్టనవసరం లేదు. అయినా ఈ సాయం శివారు పల్లెల గడప దాకా చేరుతున్నదా అన్నది ఆలోచించవలసిన విషయం.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ధర తగ్గడమే పెద్ద ఊరట. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద తలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు ఉచితంగానే ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి వీధిలోకి వచ్చిన రేషన్ బండ్లు 2025 మే నెలతో ఆగిపోయాయి. జూన్ 1 నుంచి మళ్ళీ చౌక ధరల దుకాణానికే వెళ్ళాలి. పొరుగూళ్ళో దుకాణం ఉన్న పల్లెవాసులకు బియ్యం మూటతో పాటు నడక కూడా బరువే.

65 ఏళ్ళు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు మాత్రం ఇంటికే సరుకులు ఇవ్వాలని ప్రభుత్వ నిర్ణయం. ఇది డీలరు దయ కాదు, వారి హక్కు. ఇవ్వకపోతే 1967 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ వరకు ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. కాని బస్సే రాని ఊరి ఆడవారు రోడ్డెక్కడానికే ఆటోకు డబ్బు పెట్టాలి. ఆసుపత్రికి పోయే గర్భిణికి ఆ ఆటో ఖర్చే అసలు చార్జీ.

ధర తీసేసిన ప్రభుత్వం దూరాన్ని కూడా తగ్గించాలి. ఒంటరి వృద్ధుల జాబితాను గ్రామసభలో చదివించాలి. బస్సు లేని పల్లెలు తీర్మానం చేసి డిపో మేనేజరుకు అందజేయాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు.