“రేపటి నుంచి రావొద్దు” అంటే ఊరుకోవాలా?

“నెలలు నిండుతున్నయ్ గదా, రేపటి నుంచి రాకమ్మా.” ఫోన్‌లో ఈ ఒక్క మాటతో కొలువు పోయిన అక్కచెల్లెళ్లు మీ ఊళ్లో కూడా ఉండే ఉంటారు. ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచర్, ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సు, పట్నంలో బట్టల షాపులో పొద్దంతా నిలబడే పిల్ల. కాగితం మాత్రం ఇవ్వరు. ఇస్తే దొరికిపోతామని వాళ్లకు తెలుసు. మనమేమో “కాంట్రాక్టే గదా, ఏం అడుగుతం” అనుకుని బస్సెక్కి ఊరికొస్తాం.

అడగొచ్చు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. 2025 నవంబర్ 21 నుంచి అదే అమల్లో ఉంది. పేరు మారినా హక్కు పోలేదు. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు. ఆ సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. గర్భంతో ఉన్నప్పుడు తీసేసినా, రావాల్సిన ప్రసూతి డబ్బు ఎగ్గొట్టడానికి లేదు. జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంటే ఆ డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది.

కాంట్రాక్టు అనే సాకు సుప్రీంకోర్టులో ఎప్పుడో ఓడిపోయింది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోజుకూలీ చేసే ఆడవాళ్లకూ ఈ హక్కు ఉందని 2000 మార్చి 8న తీర్పిచ్చింది. మహిళా దినోత్సవం నాడే! 2023లో ఇంకో కేసు. కాంట్రాక్టు ముగుస్తోందని ఒక డాక్టరమ్మకు 11 రోజులే సెలవిచ్చారు. గడువు దాటినా 26 వారాల ప్రయోజనం ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది.

కానీ పదిమంది కూడా లేని షాపులో చేసేవాళ్లకు, పత్తి ఏరే కూలీలకు ఈ చట్టం చేరదు. మన ఆడవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఉన్నారు. దానికోసం కొట్లాడాల్సింది వేరే ఉంది.

చట్టం వర్తించే వాళ్లు మాత్రం ఆలస్యం చేయొద్దు. తీసేశామని చెప్పిన రోజు నుంచి 60 రోజుల్లో అప్పీలు వేయాలి. ఏ అధికారికి వేయాలో కార్మిక శాఖ ఆఫీసులో అడగండి. లాయర్‌కు డబ్బుల్లేవని ఆగొద్దు: ఆదాయం ఎంతున్నా ఎస్టీలకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

తమ్ముళ్లూ, ఇది ఆడవాళ్ల గొడవని పక్కకు జరగకండి. ఏడో నెల కడుపుతో జిల్లా కేంద్రం దాకా ఒంటరిగా ఎట్లా పోతది? బండి తీసి వెంట పోండి. హాజరు రిజిస్టర్ ఫోటో, బ్యాంకు పాస్‌బుక్, ఆశా అక్క రాసిన గర్భిణి కార్డు సంచిలో పెట్టుకోండి. “రావొద్దు” అన్న ఆ వాట్సాప్ మెసేజ్‌ని కోపంలో డిలీట్ చేయనీయకండి.