మాఘ పౌర్ణమికి మరుభూమికి

ఎడారి అనగానే మన ఊహకు ముందుగా తోచేది లేమి. నీరు లేదు, నీడ లేదు, పైరు లేదు. ఏడాది పొడవునా కలిపి 200 మిల్లీమీటర్ల వర్షమైనా కురవని జైసల్మేర్ జిల్లాలో మాత్రం పాటకు కరువన్నది లేదు. అక్కడ ప్రతి ఏటా మాఘ శుద్ధ త్రయోదశి మొదలుకొని పౌర్ణమి వరకు మూడు రోజులపాటు రాజస్థాన్ పర్యాటక శాఖవారు మరు మహోత్సవాన్ని జరుపుతూ వస్తున్నారు. మన టౌన్‌షిప్‌లోని తెలుగు కుటుంబాలు సెలవు దొరికితే తిరుపతికో, సింహాచలానికో, పూరీకో ప్రయాణం కడతాయి. ఎన్నడైనా ఒకసారి పడమటి దిక్కుకు తిరగదలచిన వారి కోసం ఈ నెల శీర్షికను కేటాయిస్తున్నాము.

మొదటి చిక్కు తేదీలతోనే వస్తుంది. ఉత్సవం తిథిని బట్టి జరుగుతుంది గాని తేదీని బట్టి కాదు. మాఘ పౌర్ణమి 2024లో ఫిబ్రవరి 24న, 2025లో ఫిబ్రవరి 12న, 2026లో ఫిబ్రవరి 1న వచ్చింది. అంటే ఏటికేడు మూడు వారాల వరకు తేడా రావచ్చును. షిఫ్టు డ్యూటీలు చేసేవారు నిరుటి తేదీని గుర్తుంచుకొని సెలవు దరఖాస్తు పెడితే, పండుగ ముగిసిన తరువాత ఖాళీ మైదానాన్ని చూసి రావలసి ఉంటుంది. గోడమీద వేలాడే తెలుగు క్యాలెండరులో పౌర్ణమిని చూసుకొని, కార్యక్రమ వివరాలను పర్యాటక శాఖ ప్రకటనతో సరిచూసుకున్న తరువాతనే టికెట్లు తీసుకోవడం మంచిది.

దుర్గ్ స్టేషను మీదుగా రాజస్థాన్ వైపు వారపు రైళ్లు కొన్ని ఉన్నాయి. ముందు జోధ్‌పూర్ చేరుకోవాలి. అక్కడి నుండి జైసల్మేర్ రైలుమార్గాన సుమారు 300 కిలోమీటర్లు. ఈ చివరి భాగాన్ని పగటివేళ ప్రయాణించమని మా సలహా. చెట్లు పొదలై, పొదలు ముళ్లకంపలై, నేల మెల్లమెల్లగా ఇసుకగా మారడం కిటికీలోంచి చూడవలసిన దృశ్యం. భారతీయ రైల్వేలకు పట్టాలను అందించే ఊరివారం గనుక, దిగే ముందు పిల్లలకు కింద ఉన్న ఇనుప పట్టాను కూడ ఒకసారి చూపించవచ్చును.

ఆ దారిలో తరచు కనిపించే ఖేజ్డీ చెట్టును చూసి పరాయి చెట్టు అనుకోకండి. అది మన జమ్మి. దసరానాడు మనం ప్రదక్షిణం చేసే శమీవృక్షమే. రాజస్థాన్‌కు అదే రాష్ట్ర వృక్షం, తెలంగాణకూ అదే. జోధ్‌పూర్ సమీపాన ఖేజడ్లీ గ్రామంలో 1730లో ఈ చెట్లను నరకడానికి వచ్చిన రాజభటులకు అడ్డుపడి 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించారు. భోజనంలో వడ్డించే ‘కేర్ సాంగ్రీ’లోని సాంగ్రీ ఈ చెట్టు కాయయే. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు కాయలు కూరగా విస్తట్లోకి వస్తాయని మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇక సామాను సంగతి. ఎడారి గదా అని పలుచని బట్టలు మాత్రమే సర్దుకోవడం చాలామంది చేసే పని. పగలు ఎండ హాయిగానే ఉంటుంది. పొద్దు గుంకిన తరువాత ఇసుక ఎంత త్వరగా వేడెక్కిందో అంత త్వరగా చల్లబడుతుంది. మూడవరాత్రి ఆరుబయట ఇసుకమీద కూర్చుని గంటలకొద్దీ పాట వినాలి. అందువల్ల స్వెటరు, చెవులు కప్పే మఫ్లరు, పెద్దవారికి శాలువ, పరచుకోవడానికి ఒక పాత దుప్పటి అవసరం. పెదవులు పగలకుండా వాసెలిన్, సెల్‌ఫోనును ఇసుకనుండి కాపాడటానికి ప్లాస్టిక్ సంచి ఉంచుకోండి. సరిహద్దు జిల్లా కావడంచేత గుర్తింపు కార్డు ఎల్లప్పుడూ దగ్గర ఉండాలి. ఆవకాయ సీసా గురించి మేము చెప్పనక్కరలేదు, అది ఎలాగూ బయలుదేరుతుంది.

బస విషయంలో ఒక మాట గట్టిగా చెప్పదలచాము. రావల్ జైసల్ 1156లో త్రికూట గిరిపై నిర్మింపజేసిన కోట పసుపు రాతితో సాయంకాలపు ఎండలో బంగారంలా మెరుస్తుంది. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన ‘సోనార్ కెల్లా’ చిత్రం మూలాన బెంగాలీ సోదరులకు అది సొంత కోటతో సమానం. మన సెక్టార్లలోని బెంగాలీ ఇరుగుపొరుగును అడిగి చూడండి. 2013లో ఇది ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నేటికీ లోపల కుటుంబాలు కాపురమున్న కోట ఇది. కడవలతో నీరు మోసుకున్న కాలానికి తగినట్లు కట్టిన కట్టడం కావడంతో, కుళాయిలు, స్నానాల గదులు, వసతి గృహాలు పెరిగేసరికి నీరు నేలలోకి ఇంకి పునాది మెత్తబడింది. కొన్ని కట్టడాలు కూలిపోయాయి. ప్రమాదంలో ఉన్న కట్టడాలను పేర్కొనే అంతర్జాతీయ జాబితాలో 1996లోనే దీని పేరు ఎక్కింది. కనుక కోటను కళ్లారా చూడండి, లోపలి హవేలీలను, జైన మందిరాలను దర్శించండి. బస మాత్రం కోట దిగువన పట్టణంలో ఏర్పాటు చేసుకోండి. గది కిటికీలోంచి కోట కనిపించాలంటే కోట బయట ఉండటమే తగినది.

మూడు రోజుల కార్యక్రమంలో మొదటి రోజు ఊరేగింపు ముఖ్యం. అలంకరించిన ఒంటెలు, నెత్తిన కలశాలతో స్త్రీలు, సరిహద్దు భద్రతా దళంవారి ఒంటెల బృందం వీధుల వెంట షహీద్ పూనమ్‌సింగ్ స్టేడియం చేరుకుంటారు. అక్కడ తలపాగా చుట్టే పోటీ, మీసాల పోటీ, మరుశ్రీ ఎంపిక, మూమల్ ఎంపిక. మూమల్ అంటే లోద్రవా రాకుమారి. ఉమర్‌కోట్ మహేంద్రునితో ఆమె ప్రేమ విషాదాంతమైన కథ థార్ ప్రజల నోట నేటికీ పాటగా నిలిచింది. తరువాత ఒంటెల అలంకార పోటీలు, ఒంటెలపై పోలో ఆట, సైనిక విన్యాసాలు. పిల్లలు వీటిని విడిచిపెట్టరు, పెద్దలు కూడ చూడవలసినవే. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఒంటెలు రెండున్నర లక్షలు మాత్రమే. అంతకు ముందు 2012 గణనతో పోలిస్తే మూడవ వంతుకు మించి తరుగుదల. ఇంత వైభవంగా అలంకరించిన జంతువు వెనుక ఈ లెక్క ఉన్నదని తెలిసి చూస్తే చూపు కొంత వేరుగా ఉంటుంది. ఒంటె ఎక్కేవారికి ఒక సూచన. అది ముందుగా వెనుక కాళ్లమీద లేస్తుంది, ఎక్కినవారు ముందుకు తూలుతారు. అందుచేత లేచేటప్పుడు వెనక్కు వాలి కూర్చోవాలి. నడుము నొప్పి ఉన్నవారికి ఒంటె బండి ఉన్నది. ఇసుక తిన్నెలపై జీపులను ఎగిరించే ఆటను మేము సిఫారసు చేయము.

అసలు సన్నాహం చెవులకు కావాలి. ఈ ఉత్సవానికి ప్రాణం మాంగణియార్లు, లంగాలు. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాలలో తరతరాలుగా పాటే వృత్తిగా జీవిస్తున్న కుటుంబాలు వీరివి. ఇరువురూ ముస్లిములు. మాంగణియార్ల పోషకులు ఎక్కువగా హిందువులు, ముఖ్యంగా రాజపుత్రులు. ఆ ఇళ్లలో బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా మాంగణియార్ వచ్చి పాడాలి, వంశావళి చదవాలి, ‘శుభరాజ్’ పలకాలి. దానికి ప్రతిగా ఆ కుటుంబం ధాన్యమో, పశువో, ధనమో ఇచ్చుకోవాలి. కృష్ణుని పాట ఎంత భక్తితో పాడతారో సూఫీ కలామ్ అంతే భక్తితో పాడతారు. దీనిని విడ్డూరంగా చెప్పుకునేవారు ఉంటారు. పాడేవారికి అది విడ్డూరం కాదు, వారసత్వం.

తెలుగువారికి ఈ ఏర్పాటు కొత్తది కాదు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడం, బొమ్మల పటం పరచి ఒక్కొక్క ఘట్టాన్ని కర్రతో చూపుతూ కథ నడపడం తెలంగాణలో ఉన్న సంప్రదాయమే. ఆ పటాలను చేర్యాల నకాషీలు చిత్రిస్తారు. రాజస్థాన్‌లో భోపాలు పాబూజీ కథను అటువంటి పటం ముందు, రావణహత్థా వాయిస్తూ రాత్రంతా పాడతారు. అక్కడ దానిని ‘ఫడ్’ అంటారు. దీపం పట్టుకొని బొమ్మ చూపించే భోపీని చూసినప్పుడు మన పటం కథలవారు గుర్తుకు రాక మానరు. రెండు చోట్లా కష్టం ఒక్కటే. ఇవ్వవలసిన ఇల్లు ఇవ్వడం మానుకుంటే పాడవలసిన గొంతు వేరే పనికి పోతుంది.

వాద్యాలను ముందే ఎరిగి వెళితే ఆనందం ఇనుమడిస్తుంది. కమాయిచా మాంగణియార్ల వాద్యం. మామిడి కర్రను గుండ్రని గిన్నెలా తొలిచి మేకతోలు బిగిస్తారు, కమానుతో వాయిస్తారు. దాని నాదం లోతుగా, కొంచెం బొంగురుగా, ముసలి తాతగారి గొంతులా ఉంటుంది. హమీరా గ్రామానికి చెందిన సాకర్ ఖాన్‌గారికి ఈ వాద్యం మీది సాధనకు 2012లో పద్మశ్రీ లభించింది. లంగాలది సింధీ సారంగి. ఖడ్తాల్ అంటే కేవలం నాలుగు చెక్క పలకలు, చేతికి రెండేసి. అందులోంచి మృదంగంతో పోటీపడే లయ వస్తుంది. ఇక మోర్‌చంగ్ మన కచేరీలలోని మోర్సింగే, పంటిమధ్య పట్టి వాయించే చిన్న ఇనుప వాద్యం. ఉక్కు పనివారికి తప్పక నచ్చుతుంది. కమాయిచా ఉండవలసిన చోట హార్మోనియం మాత్రమే కనిపించే బృందాలు ఈనాడు ఎక్కువయ్యాయి. కమాయిచాను చేసేవారూ, నేర్చేవారూ తగ్గిపోవడమే ఇందుకు కారణం.

కాబట్టి పట్టణానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ ఇసుక తిన్నెల దగ్గర గుడారాలలో రాత్రి కార్యక్రమాలకు వెళ్లినప్పుడు, సినిమా పాట కోరకండి. కోరితే వారు పాడతారు. వచ్చినవారిని సంతోషపెట్టడం వారి జీవనాధారం. ‘మూమల్’ పాడమని, కమాయిచా వినిపించమని అడిగి చూడండి. అడిగినవారి వైపు ఆ పెద్దాయన ఒకసారి తేరిపార చూసి, కమాను సవరించుకొని మొదలుపెట్టే పాట వేరుగా ఉంటుంది. ‘మాంగణియార్’ అనే మాటకు అడుక్కునేవాడని అర్థం చెబుతారు గనుక వారిలో చాలామంది ‘మీర్’ అని పిలిపించుకోవడానికే ఇష్టపడతారు. ఫొటో తీసే ముందు అనుమతి అడగాలి. పాట విని ఇచ్చే సొమ్మును నేలమీదికో, గుడ్డమీదికో విసరకుండా రెండు చేతులా అందించాలి. పిల్లలు చూసి నేర్చుకునేది అక్కడే.

ఈ కళాకారులను లోకానికి పరిచయం చేసినవారిలో కోమల్ కొఠారీగారు ప్రథములు. విజయదాన్ దేథాతో కలిసి ఆయన 1960లో బోరుందా గ్రామంలో రూపాయన్ సంస్థాన్‌ను స్థాపించి, ఊరూరా తిరిగి పాటలను, కథలను సేకరించారు. 2004లో పద్మభూషణ్ అందుకున్న ఏడాదే పరమపదించారు. ఆయన సేకరణ లేకుంటే ఈ ఉత్సవంలో పాడే పాటలలో కొన్ని వేదిక ఎక్కకముందే మరుగున పడేవి.

ప్రయాణానికి ముందు ఇంటి దగ్గరే చేయదగిన ఒక అభ్యాసం ఉన్నది. పండవానీ ఎన్నిసార్లు ఆమూలాగ్రం విన్నామో మనలో ఎవరికి వారు లెక్క చూసుకోవాలి. భిలాయికి కూతవేటు దూరంలోని గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్‌బాయిగారు మన కర్మాగారంలోనే ఉద్యోగం చేశారు. స్త్రీలు కూర్చుని పాడే వేదమతి పద్ధతి ఉన్నచోట ఆమె పురుషులకే పరిమితమైన కాపాలిక పద్ధతిలో నిలబడి, తంబూరాను ఒకసారి గదగా, మరొకసారి రథంగా మార్చి భీముని కథ చెప్పారు. అందుకు తన సమాజంనుండి వెలివేతను కూడ భరించారు. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. బుర్రకథ వింటూ పెరిగిన తెలుగువారికి ఆమె కథనం పట్టుబడటానికి పది నిమిషాలు చాలు. ఛత్తీస్‌గఢీ ప్రతి మాట తెలియనక్కర లేదు. తెలియని భాషలో పాటను ఓపికగా వినడం ఎలాగో ఇక్కడ అలవాటైతే, సమ్ ఇసుకమీద మార్వాడీ పాట వినడం తేలికవుతుంది. లోక్‌కళా కార్యక్రమం ఏదైనా మన టౌన్‌షిప్‌లో జరిగితే పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

చివరి రాత్రి పౌర్ణమి. సమ్‌లో చంద్రోదయానికి అరగంట ముందే చోటు చూసుకొని దుప్పటి పరచుకోవాలి. తరువాత వచ్చేవారికి జనరేటర్ల పక్కన మాత్రమే స్థలం మిగులుతుంది. తిరుగు వాహనాన్ని పగలే మాట్లాడి పెట్టుకోవాలి. అర్ధరాత్రి బేరం కుదరదు.

తిరుగు ప్రయాణంలో జోధ్‌పూర్‌లో ఒక పగలు మిగిల్చుకోగలిగితే, ఊరి వెలుపల మోక్లావాస్ దగ్గర కొఠారీగారు తలపెట్టిన అర్ణా ఝర్ణా మ్యూజియం చూడండి. అక్కడ ప్రధానంగా ప్రదర్శించినవి చీపుర్లు. ఏ గడ్డితో ఏ ఊరివారు కడతారు, ఇంట్లోకి ఏది, వాకిట్లోకి ఏది, కళ్లానికి ఏది అన్నీ వివరించి ఉంటాయి. పురుషులు తొందరపెట్టినా మన ఇల్లాండ్రు అక్కడ గంటకు తక్కువ నిలవరని మా అంచనా.