మైకు మర్యాద

సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు మనలో చాలామందిమి ఫోనులో బీజీఎంఐ ఆడుతున్నాం. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధించాక, 2021లో ఈ పేరుతో వచ్చిన ఆట ఇది. నలుగురు ఒక జట్టు. ముఖం చూడని వాళ్లతో మాట్లాడుతూ ఆడాలి. ఎలా మాట్లాడాలో మాత్రం కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. అందుకే మేము చెబుతున్నాం.

మైకు ఎప్పుడూ తెరిచి ఉంచవద్దు. మన ఇంట్లో టీవీ మోత, గిన్నెల చప్పుడు మిగతా ముగ్గురి చెవుల్లో పడతాయి. శత్రువు అడుగుల చప్పుడు వినపడకుండా పోతుంది. చెప్పేది పొట్టిగా చెప్పాలి. "అదుగో, అక్కడ" అంటే ఎవరికీ అర్థం కాదు. తెర పైనున్న దిక్సూచి అంకె చూసి "120, చెట్టు వెనక, ఒకడు" అంటే చాలు. పోరు జరిగేటప్పుడు ఒకరి మాటే నడవాలి. చనిపోయినవాడు తాను చూసింది చెప్పి ఊరుకోవాలి.

ఇవన్నీ నాలుగు రోజుల్లో వస్తాయి. అసలు బాధ వేరే ఉంది. మన పల్నాటి యాస వినగానే నవ్వేవాళ్లున్నారు. ఓడిపోతే కులం పేరునే తిట్టుగా వాడేవాళ్లున్నారు. అది విని మన తమ్ముళ్లు కొందరు మైకు కట్టేసి మూగగా ఆడుతున్నారు. అంతకంటే బాధ, ఆ తిట్లు పడ్డ మనవాళ్లే కొత్త పిల్లల్ని తిట్టడం. "ఆటలో ఇవన్నీ మామూలే" అంటారు కొందరు. మేము ఒప్పుకోం.

బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని, దళిత వీరుడు కన్నమదాసు సేనను నడిపాడని కథలు చెప్పుకునే నేల మనది. ఆ చాప మీద అందరికీ చోటున్నట్టే జట్టులో అందరి గొంతుకూ చోటుండాలి. తిట్టినవాడి గొంతు ఆపేయండి, ఫిర్యాదు చేయండి. మీ గొంతు మాత్రం మూసుకోకండి. కొత్తవాడు తప్పు చేస్తే ఆట అయ్యాక, తమ్ముడికి చెప్పినట్టు చెప్పండి.