మూడవ తీగ

నేడు ఇల్లు కట్టుకొనేవారు గచ్చురాతికి, గుమ్మపు చెక్కడానికి వెనుకాడక వ్యయం చేస్తున్నారు. నేలలోనికి దిగే మూడవ తీగ వద్దకు వచ్చేసరికి మాత్రం పొదుపు గుర్తుకు వస్తున్నదని మా అభియోగం.

విద్యుచ్ఛక్తిని తెచ్చే తీగ ఒకటి, తిరిగి కొనిపోయే తీగ మరొకటి. ఈ రెండింటితోనే దీపం వెలుగుతుంది, పంఖా తిరుగుతుంది. ఎర్తు తీగ లేకున్నా పని ఆగదు. అందువల్లనే అది అనాదరణకు గురియైనది. కూలరు మోటారులో తీగపై పూత చెడి రేకుకు తగిలిననాడు ఎర్తు ఉన్నచో కరెంటు దాని గుండా పోతుంది. లేనిచో ఆ రేకు 230 వోల్టులతో మౌనంగా వేచియుంటుంది. తడి చేతులతో నీళ్ళు పోయవచ్చిన వారి దేహమే దానికి దారి. ఇట్టి మరణాలను విధివ్రాతగా చెప్పుకొనుట మాకు సమ్మతం కాదు.

మూడు పుల్లల ప్లగ్గులో పై పుల్ల పొడవుగా, లావుగా ఉండుట అలంకారం కొరకు కాదు. అది అన్నిటికన్న ముందు తగలాలి, చివర విడివడాలి. దానిని విరిచి రెండు రంధ్రాల సాకెట్టులో దూర్చే ప్రజ్ఞావంతులు హాస్టళ్ళలో లేకపోలేదు!

ఇంతకన్న భయంకరమైన పని ఒకటి కలదు. గుంత త్రవ్వే శ్రమ తప్పించుకొనుటకు కొందరు పనివారు సాకెట్టులోనే ఎర్తును న్యూట్రలుతో ముడివేస్తారు. పరీక్ష దీపం చక్కగా వెలుగుతుంది; యజమాని సంతృప్తి చెందుతాడు. ఆ న్యూట్రలు ఎక్కడైనా తెగినదా, ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె, గ్రైండరు అన్నిటి ఒంటికీ కరెంటు ఎక్కుతుంది.

గొట్టం పాతి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేయుట మనవారి పాత పద్ధతి. హైదరాబాదు వంటి రాతినేలలో, అందునా నడివేసవిలో, గుంత ఎండినచో అది ఉన్నా లేనట్లే. నీరు పోస్తుండాలి. అయినను గుంత నిరోధం 10 ఓములైతే 230 వోల్టులకు 23 ఆంపియర్లకు మించి పారదు. 32 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి పడిపోదు. కనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడ తప్పనిసరి. అది ఉండగా గుంత ఎందుకని కొందరు వాదిస్తున్నారు. ఎర్తు ఉన్నచో అది కరెంటు కారిన క్షణముననే పడిపోతుంది. లేనిచో ఒకరు ముట్టుకొనే దాకా ఆగుతుంది. ఆ ఒకరు ఎవరో ముందుగా ఎవరు చెప్పగలరు?

కళాశాల కమిటీవారికి మా మనవి: హాస్టలు, ప్రయోగశాల, నీళ్ళ మోటారు ఎర్తు గుంతల నిరోధాన్ని ప్రతియేటా వేసవికి ముందే కొలిపించి, ఆ అంకెను, తేదీని ప్రక్క గోడపై వ్రాయించవలెను, తెలుగులోను, ఉర్దూలోను.