సజ్దా నుండి లేచే తీరు

మూడేళ్ళ క్రితం కోనసీమలోని ఒక లంక గ్రామం నుండి ఎనిమిదేళ్ళ బాలుడు మా మద్రసాలో చేరాడు. తండ్రి పంటి మీద రేవు దాటించి, బస్సెక్కించి రాజమండ్రి తీసుకువచ్చాడు. నమాజులో సజ్దా నుండి లేచేటప్పుడు ఆ బాలుడు అందరిలా లేచేవాడు కాదు. ముందు అరచేతులు నేలకు ఆనించేవాడు. తర్వాత మోకాళ్ళ మీద, తొడల మీద ఒక్కొక్క చేయి వేసుకుంటూ, తన శరీరాన్ని తానే ఎక్కుతున్నట్లు నిలబడేవాడు. పిక్కలు మాత్రం గుండ్రంగా, బలిష్ఠంగా ఉండేవి. అటువంటి పిల్లవాడు మెట్లెక్కలేనంటే మేము నమ్మలేదు. బద్ధకమని రెండు మార్లు మందలించాము. అందుకు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటూనే ఉన్నాము.

వైద్యులకు ఆ లేచే తీరు చూడగానే అనుమానం వచ్చింది. దానికి గోవర్స్ అనే ఆంగ్ల వైద్యుని పేరే ఉన్నదట. పరీక్షలలో డుషేన్ కండర క్షీణత వ్యాధి అని తేలింది. సుమారు 3,500 నుండి 5,000 మంది మగ శిశువులలో ఒకరికి ఇది వస్తుంది. కండర కణాన్ని చిరిగిపోకుండా కాపాడే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు వీరి శరీరంలో తయారు కాదు. కండరం కొద్దికొద్దిగా నశించి, ఆ స్థానంలో కొవ్వు, పీచు చేరుతాయి. ఆ పిక్కల లావు బలం కాదు, రోగం.

గత షాబాన్ నెలలో తండ్రి ఒక రంగుల కరపత్రం పట్టుకొని వచ్చాడు. ఏదో నగరంలో ఆరోగ్యవంతమైన కండర కణాలను, మూలకణాలను ఇంజక్షన్లుగా ఎక్కించి ఈ జబ్బు నయం చేస్తారని అందులో ఉంది. "హజ్రత్, అర ఎకరం కొబ్బరితోట ఉంది. అమ్మేయమంటారా?" అని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేదు. వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధనే కదా, ఏ నోటితో వద్దంటాము? వైద్య వృత్తిలో ఉన్న మా పూర్వ విద్యార్థిని కూర్చోబెట్టుకొని కొన్ని రోజులు ఈ సంగతి తెలుసుకున్నాము.

ఈ పరిశోధన బూటకం కాదు. కండరాన్ని మరమ్మతు చేసే చిన్న కణాలు కండరంలోనే నిద్రాణంగా ఉంటాయని 1961లో మౌరో అనే శాస్త్రవేత్త గుర్తించాడు. 1989లో పార్ట్రిడ్జ్ బృందం ఆరోగ్యవంతమైన కణాలను జబ్బు ఎలుకల కండరంలోకి ఎక్కించగా, అక్కడ డిస్ట్రోఫిన్ పుట్టింది. ప్రపంచమంతటా తల్లిదండ్రులలో ఆశ చిగురించింది. అయితే 1995లో అమెరికాలో వెలువడిన పరిశోధన ఫలితం వేరుగా ఉంది. పన్నెండు మంది బాలురకు తండ్రి నుండో సోదరుని నుండో తీసిన కణాలను నెలకొకసారి చొప్పున ఆరు నెలలు చేతి కండరంలోకి ఎక్కించారు. బలం పెరగలేదు.

కారణాలు విన్నాక మాకు విషయం బోధపడింది. ఎక్కించిన కణాలలో అత్యధికం తొలి రోజులలోనే చనిపోతాయి. మిగిలినవి సూది గుచ్చిన చోటు నుండి కొద్ది మిల్లీమీటర్లకు మించి కదలవు. పరాయి కణాలని శరీరం వాటిపై దాడి చేస్తుంది. మనిషి ఒంట్లో ఆరు వందలకు పైగా కండరాలున్నాయి. ఊపిరాడించే కండరాన్ని, గుండెను ఎన్ని సూదులతో గుచ్చగలరు? ఫ్రాన్సులో పెద్ద వయసులో వచ్చే మరొక రకం క్షీణత రోగులు పన్నెండు మందికి వారి సొంత కణాలనే గొంతు కండరంలోకి ఎక్కించగా, మింగడంలో కొంత మెరుగు కనిపించిందని 2014లో ప్రకటించారు. చిన్న కండరం, సొంత కణం కనుక అక్కడ దారి దొరికింది. ఒళ్ళంతా పాకే జబ్బుకు ఆ దారి ఇంకా దొరకలేదు.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మూలకణాల వాడకమంతా పరిశోధన కిందికే వస్తుంది. పరిశోధనలో పాల్గొనే రోగి దగ్గర సొమ్ము తీసుకోరాదు. కరపత్రంలో మాత్రం లక్షల లెక్క ఉంది! వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడన్న హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. ఏటా పిల్లలకు బోధిస్తున్నాము. తెలిసీ అమ్ముకునేవాడి సంగతి ఏమనాలి?

తోట అమ్మవద్దని తండ్రికి చెప్పాము. స్టెరాయిడ్ మందు, క్రమబద్ధమైన వ్యాయామ చికిత్స, ఏటా గుండె పరీక్ష జబ్బును ఆపకపోయినా నడిచే కాలాన్ని, బ్రతికే కాలాన్ని పొడిగిస్తాయి. హైదరాబాదులోని నిమ్స్ అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తించిన కేంద్రం. మన రాష్ట్రంలో తీవ్రమైన కండర క్షీణత బాధితులకు 2024 జూలై నుండి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఆ సంగతి ఆ తండ్రికి అప్పటివరకు ఎవరూ చెప్పలేదు.

వెళ్ళబోతూ ఆయన మరొక మాట అన్నాడు. జబ్బు తల్లి వైపు నుండి వచ్చిందని ఇంట్లో కోడలిని సూటిపోటి మాటలంటున్నారట. లోపమున్న జన్యువు తల్లి ద్వారా రావచ్చు, నిజమే. సుమారు మూడింట ఒక వంతు కేసులలో తల్లిలో లేకుండానే బిడ్డలో కొత్తగా పుడుతుంది. మేనరికానికీ ఈ రకానికీ సంబంధం లేదు. ఆమెకు, ఆమె అక్కచెల్లెళ్ళకు జన్యు పరీక్ష చేయించడం మంచిది, రాబోయే బిడ్డల కోసం. నిందించడానికి కాదు. ఈ మాట వాళ్ళ అమ్మగారి ఎదుట చెప్పడానికి మేమే ఆ లంకకు వెళ్ళాము. వృద్ధురాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కోడలిని పిలిచి మాకు టీ ఇమ్మంది, ఆమెను పక్కనే కూర్చోమంది.

బాలుడిప్పుడు కుర్చీలో కూర్చొని, తల వంచి సైగతో సజ్దా చేస్తున్నాడు. ఫజర్‌కు అతన్ని మోసుకొచ్చే వంతు పెద్ద తరగతి పిల్లలది. నిన్న ఆ వంతు కోసం ఇద్దరు తగువులాడుకుంటే మేము మందలించలేదు.